మద్యం తాగి బండి నడిపిన కేసు: సైనికుడి కొలువు నిలబడే దారులు

సెలవు మీద ఊరికి వచ్చిన సైనికుడు మద్యం తాగి బండి నడుపుతూ పోలీసులకు దొరికితే అతని మీద రెండు చట్టాలు కదులుతాయి. ఒకటి 1988 నాటి మోటారు వాహనాల చట్టం. దాని విచారణ ఉదయగిరి కోర్టులోనో ఆత్మకూరు కోర్టులోనో ఒక్క పూటలో ముగిసిపోవచ్చు. రెండోది 1950 నాటి ఆర్మీ చట్టం. దాని విచారణ ఎక్కడో సరిహద్దు దగ్గరున్న యూనిట్‌లో జరుగుతుంది, దాని ప్రభావం పింఛను కాగితాల దాకా వెంట వస్తుంది. ఊళ్లో అందరి కంగారూ మొదటిదాని గురించే. కొలువు నిలబడుతుందా పోతుందా అన్నది మాత్రం రెండోదాని చేతిలో ఉంటుంది. మొదటిసారి దొరికి, ఎవరికీ దెబ్బ తగలకపోతే సిపాయి స్థాయి మనిషికి కోలుకునే అవకాశాలు బాగానే ఉన్నాయి. తప్పు జరిగిన మరుసటి రోజు నుంచి అతను నడుచుకున్న తీరే చాలాసార్లు అసలు తప్పుకన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఈ సమస్యకు ప్రత్యేకమైన నేపథ్యం ఉంది. ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు, ఆత్మకూరు నుంచి అరవైకి కొంచెం తక్కువ. రాత్రి పొద్దుపోయాక పల్లెలకు బస్సులు ఉండవు. మర్రిపాడు, దుత్తలూరు, వింజమూరు, అనంతసాగరం వైపు ఏ పెళ్లికో తిరునాళ్లకో వెళ్లినవారు తిరిగి రావాలంటే మోటారు సైకిలే దిక్కు. బద్వేలు మీదుగా వచ్చి ఆత్మకూరు, సంగం దాటి కృష్ణపట్నం రేవు దాకా సాగే 67వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రింబవళ్లు లారీలు తిరుగుతాయి. ఏడాదికోసారి దొరికిన సెలవులో బంధువుల ఇళ్లన్నీ చుట్టి రావలసిన జవాను ఈ దారుల మీదే ఎక్కువ పొద్దు గడుపుతాడు. మిలిటరీ నుంచి వచ్చాడంటే రమ్ము తెచ్చి ఉంటాడని ఊరు ఎదురు చూస్తుంది. అడిగినవారికి లేదనలేక పోసేదీ, పోసి తానూ తాగేదీ అక్కడే మొదలవుతాయి.

రాష్ట్రాన్ని కుదిపిన సారా వ్యతిరేకోద్యమం పుట్టిందీ ఈ మెట్టలోనే. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు 1990ల తొలి ఏళ్లలో సారా కొట్టును మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1993లో ముందు నెల్లూరు జిల్లాలో, ఆ తరవాత రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లకే సడలింది. ఆ ఉద్యమం సారా కొట్లను ఎదుర్కొంది గాని, మిలిటరీ క్యాంటీన్ సీసా దాని లెక్కలోకి రాలేదు. సైన్యం ఒక చేత్తో రాయితీ ధరకు రమ్ము ఇస్తుంది, రెండో చేత్తో మత్తులో దొరికినవాణ్ణి శిక్షిస్తుంది. ఇందులో వైరుధ్యం లేదని సైన్యం వాదిస్తుంది, తాగడం వేరు, అదుపు తప్పడం వేరు అంటుంది. చట్టం రాసిన తీరు చూస్తే ఆ వాదనకు ఆధారం ఉంది. అయితే అదుపు ఎక్కడ తప్పుతుందో సిపాయికి చెప్పే శ్రద్ధ సీసా అందించే శ్రద్ధకు సమానంగా కనిపించదు.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే నేరమే. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ రమ్ములో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 70 కిలోల మనిషి దాన్ని కొద్దిసేపట్లో తాగితే రక్తంలో మోతాదు 100 మిల్లీగ్రాములు దాటుతుంది. శరీరం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పునే దాన్ని తగ్గించుకుంటుంది. రాత్రి పదింటికి తాగి, నిద్రపోయి లేచి, తెల్లవారుజామున నాలుగింటికి నెల్లూరులో రైలు అందుకోవాలని బండెక్కినవాడు కూడా పరిమితికి పైనే ఉండవచ్చు. తూలకపోవడం, మాట తడబడకపోవడం ఇక్కడ లెక్కలోకి రావు. యంత్రంలో ఊదినప్పుడు వచ్చిన అంకే లెక్క.

శిక్షలు 2019 సవరణతో పెరిగాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. హెల్మెట్ చలానాలాగా దీన్ని రోడ్డు మీద కట్టి పోవడానికి లేదు, కోర్టుకు వెళ్లవలసిందే. వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం పోలీసులకు ఉంది, అయితే అరెస్టయిన రెండు గంటల లోపు వైద్య పరీక్ష జరిపించాలి, లేకుంటే విడిచిపెట్టాలి. ఇక 20వ సెక్షను సంగతి చాలామందికి తెలియదు. 185 కింద దోషి అని తేలితే కోర్టు కనీసం ఆరు నెలలు లైసెన్సుకు అనర్హుణ్ణి చేయాలని అది చెబుతోంది. సైన్యంలో డ్రైవర్ ట్రేడ్‌లో ఉన్నవాడికి జరిమానాకన్నా ఈ ఆరు నెలలే భారం. స్టీరింగ్ పట్టనివ్వకపోతే అతని పనే ఆగిపోతుంది.

కోర్టు దగ్గర ప్రతి నిందితుడికీ దొరికే సలహా ఒకటే: ఒప్పుకో, డబ్బు కట్టు, పని అయిపోతుంది. కిరాణా కొట్టు నడిపేవాడికి ఆ సలహాతో పెద్ద చిక్కు లేదు. సైనికుడికి అంతకన్నా ఖరీదైన సలహా ఉండదు. ఒప్పుకుని కట్టిన జరిమానా చట్టం దృష్టిలో క్రిమినల్ కోర్టు విధించిన శిక్ష. ఒప్పుకున్నాక అప్పీలు దాదాపు మూసుకుపోతుంది, శిక్ష ఎక్కువైందనో, చట్టబద్ధం కాదనో తప్ప తాను నిర్దోషినని పైకోర్టులో వాదించడానికి వీలుండదు. కేసులో బలం ఉందో లేదో చూడకుండా, యంత్రం రీడింగ్ కాగితం అడగకుండా, రక్తపరీక్ష జరిగిందో లేదో తెలుసుకోకుండా ఒప్పుకోవడం తొందరపాటే. వాసన వచ్చింది, తూలాడు, కళ్లు ఎర్రబడ్డాయి అన్న సాక్ష్యం ఒక్కటే తాగినట్టు రుజువు చెయ్యడానికి చాలదని సుప్రీంకోర్టు 1971లో బచ్చుభాయి హసనల్లి కర్యాని కేసులో చెప్పింది. ఇలా అన్నంత మాత్రాన ప్రతి కేసునూ పోరాడాలని కాదు. రీడింగ్ స్పష్టంగా ఉండి, తప్పు నిజంగా జరిగి ఉంటే ఒప్పుకోవడమే మంచిది కావచ్చు. కాకపోతే ఆ నిర్ణయం యూనిట్‌కు తెలిశాక, వకీలును అడిగాక తీసుకోవలసినది.

సైనికుణ్ణి విచారించే ముందు మేజిస్ట్రేటు పాటించవలసిన పద్ధతి ఒకటుంది. ఒకే నేరాన్ని మామూలు కోర్టూ, కోర్టు మార్షలూ రెండూ విచారించగలిగినప్పుడు ఎవరు విచారించాలో తేల్చడానికి 1978లో కేంద్రం నియమాలు చేసింది. వాటి ప్రకారం మేజిస్ట్రేటు నిందితుడి కమాండింగ్ ఆఫీసరుకు నోటీసు పంపి, నిర్ణీత గడువు దాకా ఆగాలి. సైన్యం కోరితే కేసు అటు పోతుంది. ఆర్మీ చట్టం 125వ సెక్షను కూడా ఏ కోర్టులో విచారణ జరగాలో నిర్ణయించే అధికారాన్ని ముందు సైనికాధికారికే ఇస్తోంది. నిందితుడు తాను సైనికుణ్ణని కోర్టుకు చెప్పకుండా మామూలు మనిషిలా జరిమానా కట్టి వచ్చేస్తే ఈ ఏర్పాటంతా వృథా. పరువు పోతుందని దాచినవాడు తనకున్న రక్షణనే వదులుకున్నట్టు.

దీనికి వ్యతిరేకమైన అపోహ కూడా ఉంది. గుర్తింపు కార్డు చూపిస్తే పోలీసులు ముట్టుకోరన్నది అది. సాయుధ దళాల సభ్యుల్ని కేంద్రం అనుమతి లేకుండా అరెస్టు చేయరాదన్న నిబంధన విధి నిర్వహణలో చేసిన పనులకే వర్తిస్తుంది. వింజమూరు రోడ్డు మీద పెళ్లి నుంచి తిరిగి వస్తూ బండి నడపడం విధి నిర్వహణ కాదు. కార్డు తీసి పోలీసుల మీద గొంతు పెంచితే 185కు తోడు విధులకు ఆటంకం కలిగించిన కేసు కూడా పడుతుంది. యూనిట్‌కు వెళ్లే నివేదిక కూడా అప్పుడు మరో రకంగా ఉంటుంది.

ఇక సైన్యం వైపు. ఆర్మీ చట్టం 48వ సెక్షను ప్రకారం విధుల్లో ఉన్నా లేకున్నా మత్తులో దొరకడమే నేరం. అధికారి అయితే కొలువు నుంచి అవమానకరంగా వెళ్లగొట్టే దాకా శిక్ష వేయవచ్చు. మిగతావారికి రెండేళ్ల వరకు జైలు. అయితే విధుల్లో గాని, క్రియాశీల సేవలో గాని లేనప్పుడు చేసిన తప్పుకు శిక్ష ఆరు నెలలు మించరాదని అదే సెక్షను అంటోంది. నౌకాదళానికి 1957 చట్టం, వైమానిక దళానికి 1950 నాటి తమ చట్టం ఇలాంటి నిబంధనలే పెట్టాయి. దీనికి తోడు క్రమశిక్షణకు భంగం కలిగించే ఏ పనినైనా పట్టుకోగల 63వ సెక్షను ఉంది. మామూలు చట్టం కింద నేరమైనదాన్ని సైనిక నేరంగా విచారించే 69వ సెక్షను ఉంది.

ఆచరణలో సిపాయి, నాయక్, హవల్దార్ల తొలి తప్పులు కోర్టు మార్షల్ దాకా పోవడం తప్పనిసరి కాదు. 80వ సెక్షను కింద కమాండింగ్ ఆఫీసరే విచారించి శిక్ష వేయవచ్చు: సిపాయికైతే 28 రోజుల వరకు సైనిక నిర్బంధం, బారకుల లైన్లు దాటకుండా కట్టడి; నాయక్, హవల్దార్లకైతే తీవ్ర మందలింపు; ఎవరికైనా అదనపు గార్డు డ్యూటీలు, పద్నాలుగు రోజుల జీతం దాకా జరిమానా. ఇక్కడే కోలుకోవడానికి ఎక్కువ చోటుంది. కమాండింగ్ ఆఫీసరు తన మనిషిని ఎరిగినవాడు. అతను ఏ పోస్టులో ఎలా నిలబడ్డాడో, ఏ కోర్సులో ఏ గ్రేడు తెచ్చుకున్నాడో ఆయనకు తెలుసు. మేజిస్ట్రేటు ముందు ఎఫ్ఐఆర్ నంబరు మాత్రమే ఉంటుంది. మామూలు కోర్టు ఒకసారి శిక్షించాక అదే నేరానికి కోర్టు మార్షల్ గాని, 80వ సెక్షను శిక్ష గాని వేయరాదని 121వ సెక్షను నిషేధిస్తోంది. ఇది సైనికుడికి మేలేనని తోస్తుంది. తీరా చూస్తే అది సగం మేలే, ఎందుకంటే ఉద్యోగం నుంచి తొలగించే పరిపాలనాపరమైన చర్యను 121 ఆపదు.

ఆ చర్య ఆర్మీ చట్టం 20వ సెక్షనులోనూ, 1954 నాటి ఆర్మీ నియమాల్లోనూ ఉంది. తొలగించే ముందు కారణం చెప్పి, జవాబు రాసుకునే వ్యవధి ఇవ్వాలని 17వ నియమం అంటుంది. కోర్టు శిక్షకు దారితీసిన ప్రవర్తన మీద తొలగించేటప్పుడు మాత్రం ఆ అవసరం లేదని అదే నియమం మినహాయించింది. కోర్టులో ఒప్పుకుని కట్టిన పదివేల జరిమానా ఇంత దూరం వస్తుందని ఆ రోజు ఎవరూ చెప్పరు. పౌర ఉద్యోగులకు రాజ్యాంగం 311వ అధికరణం ఇచ్చే రక్షణ సైనికులకు లేదు. డిస్మిస్ అయితే పింఛనుకు అర్హత పోతుంది, రాష్ట్రపతి ప్రత్యేకంగా మంజూరు చేస్తే తప్ప. డిశ్చార్జ్ అంత కఠినం కాదు, అప్పటికి అర్హమైన సర్వీసు ఉంటే పింఛను వస్తుంది. సిపాయి నుంచి హవల్దార్ వరకు పింఛనుకు కావలసింది 15 ఏళ్లు, కమిషన్డ్ అధికారులకు 20 ఏళ్లు. పధ్నాలుగో ఏట డిశ్చార్జ్ అయినవాడికీ, పదహారో ఏట అయినవాడికీ నడుమ తేడా ఒక కుటుంబం జీవితకాలపు బతుకు.

సైనికులు రెడ్ ఇంక్ అని పిలుచుకునేది ప్రవర్తన పత్రంలో పడే ఎర్ర సిరా నమోదు. బరువైన శిక్షలు ఎర్ర సిరాలో, తేలికవి నల్ల సిరాలో పడతాయి. నాలుగు ఎర్ర నమోదులు పడితే అవాంఛనీయుడిగా డిశ్చార్జ్ చెయ్యవచ్చన్న విధానాన్ని సైనిక ప్రధాన కార్యాలయం 1988 డిసెంబరు 28 నాటి లేఖలో పెట్టింది. నాలుగు నిండాయి కాబట్టి పొమ్మనడం యాంత్రికంగా కుదరదని సుప్రీంకోర్టు 2015 అక్టోబరులో వీరేంద్ర కుమార్ దూబే కేసులో తేల్చి చెప్పింది. ముందు ప్రాథమిక విచారణ జరపాలి, అతను ఎన్నేళ్లు పనిచేశాడో, ఎంత కష్టమైన చోట్ల పనిచేశాడో, పింఛనుకు ఎంత దగ్గరలో ఉన్నాడో లెక్కలోకి తీసుకోవాలి. తాగి బండి నడిపిన ఒక్క కేసుతో ఎర్ర సిరా ఒకటి పడినవాడు ఈ తీర్పును గుర్తుపెట్టుకోవాలి. ఒకటి నాలుగు కాదు, నాలుగైనా అక్కడితో కథ ముగిసినట్టు కాదు.

శిక్ష తప్పుకు తగినట్టు ఉండాలన్న సూత్రం సైన్యానికీ వర్తిస్తుందని 1987లో రంజిత్ ఠాకూర్ కేసు స్థిరపరిచింది. అప్పటికే శిక్ష అనుభవిస్తూ, పెట్టిన భోజనం తిననన్న సిపాయిని ఏడాది జైలుతో పాటు డిస్మిస్ చేసిన కేసు అది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. మన విషయానికి ఇంకా దగ్గరిది 1991 నాటి ఎక్స్-నాయక్ సర్దార్ సింగ్ కేసు. సెలవు మీద ఇంటికి పోతూ క్యాంటీన్‌లో కొన్న మద్యం సీసాలు పరిమితికి మించి తీసుకెళుతున్నాడని అతనికి మూడు నెలల కఠిన జైలు, డిస్మిసల్ వేశారు. ఆ తప్పుకు అంత శిక్ష తగదని సుప్రీంకోర్టు అంది, ఆర్మీ చట్టంలోనే అంతకన్నా తేలికైన శిక్షలు ఉన్నాయని గుర్తుచేసింది. మద్యం, సెలవు, ఇంటిదారి మూడూ కలిసిన ఆ తీర్పు ఇలాంటి పిటిషన్లలో చూపదగినది. దాన్ని మరీ సాగదీయనూ కూడదు. సీసాలు మోయడం ఎవరి ప్రాణానికీ ముప్పు కాదు, తాగి బండి నడపడం ముప్పే.

ప్రొబేషన్ మీద విడుదల గురించి ఊళ్లో వకీళ్లు తరచు చెబుతారు. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం కింద మందలింపుతోనో, మంచి నడత పూచీకత్తుతోనో కోర్టు వదిలిపెట్టవచ్చు. ఆ చట్టం 12వ సెక్షను శిక్షవల్ల వచ్చే అనర్హతను తొలగిస్తుంది. అందువల్ల ఉద్యోగానికి ఢోకా లేదనుకోవడం పొరపాటు. శిక్షకు మూలమైన ప్రవర్తన మీద శాఖాపరమైన చర్యకు ప్రొబేషన్ అడ్డురాదని 1990లో బక్షీరాం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ప్రొబేషన్ తెచ్చుకోవడం మంచిదే. యూనిట్ దృష్టిలో జరిమానా, జైలు కన్నా అది తేలిక, కోర్టే ఇతన్ని మెత్తగా చూసిందన్న మాట దస్త్రంలో ఉంటుంది.

కేసు వల్ల కన్నా కేసు చుట్టూ జరిగేదాని వల్ల కొలువు పోగొట్టుకునేవారి దారి సాధారణంగా ఇలా ఉంటుంది. సెలవు ముగిసే రోజు దగ్గర పడుతుంది, కోర్టు వాయిదా దాని తరవాత పడుతుంది. యూనిట్‌కు చెప్పడానికి సిగ్గు. వాయిదా అయ్యాక వెళదామని ఆగుతాడు. ఆర్మీ చట్టం 39వ సెక్షను ప్రకారం సరైన కారణం లేకుండా సెలవు మీరి ఉండిపోవడం నేరం, మూడేళ్ల దాకా జైలు వేయవచ్చు. ముప్పై రోజులు దాటితే గైర్హాజరుపై విచారణ మొదలవుతుంది, పారిపోయినవాడన్న ముద్ర దగ్గరికి వస్తుంది. తాగి బండి నడిపిన తప్పుకు ఇరవై ఎనిమిది రోజులు లైన్లలో గడిపి తేలిపోవలసినవాడు ఇలా డిస్మిసల్ దాకా వెళతాడు. వాయిదా కాగితం నకలుతో సెలవు పొడిగింపు అడిగితే అధికారులు ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. ఇవ్వకపోతే యూనిట్‌కు చేరి, వాయిదాకు వకీలు ద్వారా గడువు కోరాలి. అడగకుండా ఉండిపోవడం మాత్రం ఏ పరిస్థితిలోనూ పనికిరాదు.

దాచిపెట్టడమూ అంతే. కోర్టు శిక్షను పై అధికారులకు తెలియజేయవలసిన బాధ్యత సైనికుడిది. పోలీసు నివేదిక ఆలస్యంగానైనా యూనిట్‌కు చేరుతుంది. అప్పటికి ప్రమోషన్ కాగితాల మీద తనపై కేసులు లేవని సంతకం పెట్టి ఉంటే తప్పు ఒకటి రెండవుతుంది. రెండోది అబద్ధం. మత్తును సైన్యం క్షమించిన సందర్భాలు ఉండవచ్చు గాని, అబద్ధాన్ని క్షమించే అలవాటు దానికి లేదు.

నిలబడినవాడు ఎలా ఎదుగుతాడన్నది తరవాతి ప్రశ్న. నాయక్, హవల్దార్, నాయబ్ సుబేదార్ ప్రమోషన్లకు క్రమశిక్షణ రికార్డు చూస్తారు. ఎర్ర సిరా ఎన్ని, చివరిది పడి ఎన్నేళ్లయింది అన్నవి అందులో ముఖ్యం. 8, 16, 24 ఏళ్లకు వచ్చే ఆర్థిక పదోన్నతి కూడా ఈ లెక్కల వల్ల వెనకబడవచ్చు. అందుకని తప్పు తొలి ఏళ్లలో జరిగితే కాలమే చాలావరకు మాన్పుతుంది. ప్రమోషన్ వరసలోకి వచ్చాక జరిగితే ఒకరిద్దరు జూనియర్లు ముందుకు పోవడం తప్పదు. ఈ మధ్య కాలంలో చెయ్యగలిగింది కోర్సులు పూర్తిచెయ్యడం, క్లిష్టమైన పోస్టింగ్‌కు ముందుకు రావడం, మంచి వార్షిక నివేదికలు కూడగట్టడం. నాయబ్ సుబేదార్ బోర్డు ముందు పాత ఎర్ర సిరా పక్కన ఏడెనిమిదేళ్ల శుభ్రమైన పేజీలు ఉండాలి.

తాగుడు ఒక రాత్రి సంగతి కాకుండా అలవాటుగా మారినవాడికి దారి వేరు. యూనిట్ అతన్ని సైనిక ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి పంపుతుంది. వ్యసనమని తేలితే సైన్యం వైద్య వర్గీకరణలో మానసిక స్థితికి సంబంధించిన శ్రేణి తగ్గుతుంది. పరిశీలన కాలం తరవాత మద్యం మానినట్టు నమ్మకం కలిగితే మళ్లీ పెరుగుతుంది. పిచ్చి ఆసుపత్రికి పంపారని ఊళ్లో అనుకుంటారని జవాన్లు దీనికి భయపడతారు, తమకు వ్యసనం లేదని డాక్టరు ముందు వాదిస్తారు. ఆ భయం అర్థం చేసుకోదగినదే అయినా లెక్క తప్పు. వైద్య శ్రేణి తగ్గితే మళ్లీ పెరగవచ్చు. చికిత్స లేకుండా రెండోసారి దొరికితే 15,000 జరిమానాతో పాటు రెండో ఎర్ర సిరా, మారని మనిషన్న పేరు కలిసి వస్తాయి.

అందరి పరిస్థితీ ఒకటి కాదు. అధికారులకు, జూనియర్ కమిషన్డ్ అధికారులకు (జేసీవోలకు) ఆర్మీ చట్టం 80వ సెక్షను వర్తించదు. హోదాకు తగని ప్రవర్తన అన్న 45వ సెక్షను వారికి అదనంగా ఉంది. కేసు నడుస్తున్నంత కాలం అధికారి ప్రమోషన్ ఆగుతుంది. దస్త్రంలో నమోదయ్యే ‘తీవ్ర అసంతృప్తి’ ఒక్కటి చాలు, సెలెక్షన్ బోర్డు దగ్గర పోటీలో వెనకబడడానికి. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద చేరిన అగ్నివీరుల పరిస్థితి ఇంకా ఇరుకు. నాలుగేళ్లకు నూటికి ఇరవై ఐదు మందిని మాత్రమే శాశ్వత సేవలోకి తీసుకుంటారు కాబట్టి తప్పును కాలం మాన్పే వ్యవధే అగ్నివీరుకు లేదు. సిపాయికి ఎదురుదెబ్బ అయినది అగ్నివీరుకు దాదాపు తుది తీర్పు. మెట్టలో ఇప్పుడు సైన్యంలో చేరుతున్న కుర్రవాళ్లు ఈ వర్గమే.

ప్రమాదం జరిగితే పైన చెప్పిన ఆశలు చాలావరకు చెల్లవు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ల వరకు జైలు. తాగి నడిపిన కేసుల్లో అంతకన్నా తీవ్రమైన, హత్య కాని నరహత్య నేరం కూడా నిలుస్తుందని 2012లో సుప్రీంకోర్టు అలిస్టర్ పెరీరా కేసులో ఒప్పుకుంది. బీమా సంస్థ బాధితుడికి పరిహారం ఇచ్చినా, మత్తు కారణం చూపి బండి యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. తనకే దెబ్బలు తగిలి వైకల్యం వచ్చినా అది సైనిక సేవ వల్ల వచ్చిందని చూపించి వైకల్య పింఛను తెచ్చుకోవడం కష్టం. ఈ స్థితిలో కొలువు గురించిన ఆలోచన వెనక్కి పోతుంది.

ఇతర దేశాల పద్ధతితో పోలిస్తే భారత సైన్యం మరీ కఠినమూ కాదు, మరీ ఉదారమూ కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పరిమితి 100 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాములు, అంటే మన పరిమితికి రెండున్నర రెట్లకు పైగా. కానీ అక్కడ సైనికుడు దొరికితే జనరల్ స్థాయి అధికారి మందలింపు లేఖ ఇస్తాడు. ఆ లేఖ శాశ్వత దస్త్రంలోకి వెళుతుందా, స్థానికంగానే ఉండి చిరిగిపోతుందా అన్నదాని మీద కెరీర్ నడుస్తుంది. అమెరికా సైన్యంలో చేరి పౌరసత్వం కోరే తెలుగువారికి మరో చిక్కు ఉంది. రెండు లేదా అంతకు మించి మద్యం డ్రైవింగ్ శిక్షలు ఉంటే మంచి నడవడి లేనట్టే భావించాలని 2019లో అక్కడి అటార్నీ జనరల్ నిర్ణయం ఇచ్చారు. మొదటిదానికన్నా రెండోదాన్ని కఠినంగా చూసే తీరు అక్కడా ఇక్కడా ఒకటే.

శిక్షో తొలగింపో అన్యాయమనిపిస్తే ముందు సైన్యం లోపలి దారులే పట్టాలి. ఆర్మీ చట్టం 26వ సెక్షను కింద ఫిర్యాదు, కోర్టు మార్షల్ అయితే 164వ సెక్షను కింద పిటిషన్ పెట్టుకోవాలి. అవి ముగిశాక 2007 చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రైబ్యునల్ ఉంది. ఆంధ్రప్రదేశ్ సైనికులకు దాని చెన్నై బెంచి వర్తిస్తుంది. నెల్లూరు నుంచి రైల్లో పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోపు దరఖాస్తు పడాలి. పెట్టుకున్న ఫిర్యాదుకు ఆరు నెలలు దాటినా జవాబు రాకపోతే అక్కడి నుంచి గడువు లెక్కిస్తారు. ఊళ్లో మిలిటరీ అనే పిలుపు సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ జవాన్లకూ చెల్లుతుంది గాని, వారికి ఈ ట్రైబ్యునల్ లేదు, హైకోర్టుకు వెళ్లాలి.

ఖర్చు భరించలేని కుటుంబాలకు నెల్లూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉన్నాయి. మొదటిచోట యూనిట్‌కు రాయవలసిన ఉత్తరంలో సాయం దొరుకుతుంది, రెండోచోట ఉచిత వకీలు దొరుకుతారు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో కొడుకో అల్లుడో దొరికాడన్న కబురు అందిన ఇంటివారు కోర్టులో డబ్బు కట్టే ముందు ఈ రెండు చోట్లా అడగాలి, అంతకన్నా ముందు యూనిట్‌కు ఫోన్ చేయించాలి.